పసికందు భుజం నిజంగా జారిందా? చెయ్యి లాగే ముందు ఒక స్కాన్

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప పుట్టి ఐదు రోజులైంది. బరువు 4.2 కిలోలు. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుపోయి కాన్పు కష్టమైంది. పుట్టినప్పటి నుంచీ కుడి చెయ్యి కదపడం లేదు, చొక్కా తొడుగుతుంటే గుక్కపట్టి ఏడుస్తోంది. ఎక్స్‌రే చూసి ఒక డాక్టరు "భుజం కీలు జారింది, మత్తు ఇచ్చి లాగి సరిచేద్దాం" అన్నారు. ఇంకొకరు "నరం దెబ్బతింది, కొన్నాళ్లు ఆగి చూద్దాం" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌లో ఉన్నామని, అసలిది ఎవరి తప్పో కూడా చెప్పమని అడిగారు.

నేను పిల్లల ఎముకల డాక్టర్ని. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. మీ పాపను నేను చూడలేదు, ఆ ఎక్స్‌రే కూడా చూడలేదు. కాబట్టి ఫలానా అని ఖాయం చేసి చెప్పను. కానీ కష్టమైన కాన్పు, మొదటి రోజు నుంచే కదలని చెయ్యి, ముట్టుకుంటే నొప్పి, ఎక్స్‌రేలో "జారినట్టు" కనిపించడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకు ముందు తట్టేది కీలు జారడం కాదు. దండచేతి ఎముక పైకొసన, ఎముక పెరిగే చోట ఉండే గ్రోత్ ప్లేట్ అనే పొర విడిపోవడం. అందుకే మిగతాదంతా చెప్పే ముందు ఒక్క మాట: ఎవరైనా ఆ చెయ్యి లాగే ముందు రెండు భుజాలకీ అల్ట్రాసౌండ్ చేయించండి.

ఎందుకో చెబుతాను. ఇది అర్థమైతే మీ సగం టెన్షన్ తగ్గుతుంది.

దండచేతి ఎముకకి పైన గుండ్రటి తల ఉంటుంది. భుజం గూట్లో తిరిగేది అదే. మనలాంటి పెద్దవాళ్లలో అది గట్టి ఎముక. పుట్టిన బిడ్డలో మాత్రం ఆ తల దాదాపు మొత్తం మృదులాస్థి. మీ చెవి డొప్పని వేళ్లతో నొక్కి చూడండి, రమారమి అలాంటి పదార్థం. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడుతుంది, మృదులాస్థి పడదు. చుట్టూ ఉన్న కండతో కలిసిపోతుంది. ఆ తలలో ఎముక చుక్క కొందరికి పుట్టేసరికే కనిపిస్తుంది. చాలామందికి మొదటి కొన్ని నెలల్లో వస్తుంది, కొందరికి ఆరో నెల దాకా రాదు. అంటే మీ పాప ఎక్స్‌రేలో భుజం గూడు కనిపిస్తుంది, చేతి ఎముక కాడ కనిపిస్తుంది, ఆ రెంటి మధ్య ఉండాల్సిన తల మాత్రం కనిపించదు. అక్కడ ఖాళీయే కనిపిస్తుంది.

ఆ తలకీ కాడకీ మధ్య ఉండే పలచటి పొరే గ్రోత్ ప్లేట్. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. అందులో కణాలు ఉబ్బి పెద్దవయ్యే ఒక వరస ఉంటుంది, మొత్తం మీద అదే బలహీనమైన చోటు. భుజం కీలుని చుట్టి ఉండే సంచి, దాని పట్టీలు పసిపిల్లల్లో దానికంటే గట్టివి. కాన్పులో చెయ్యి మెలిపడినా, గట్టిగా లాగాల్సి వచ్చినా ముందు లొంగిపోయేది కీలు కాదు, ఈ పొర. అప్పుడు తల గూట్లోనే ఉండిపోతుంది, కాడ పక్కకి జరుగుతుంది. ఎక్స్‌రేలో తల కనపడదు కాబట్టి, కాడ గూటికి దూరంగా ఉండటం చూసి "కీలు జారింది" అనిపిస్తుంది. పుట్టిన బిడ్డకి దెబ్బ వల్ల భుజం కీలు నిజంగా జారడం చాలా చాలా అరుదు. అందుకే నవజాత శిశువు ఎక్స్‌రే చూసి ఎవరైనా ఆ మాట అన్నప్పుడు నాకు ముందు గ్రోత్ ప్లేట్ గుర్తొస్తుంది.

నేను నేర్చుకునే రోజుల్లో ఈ పొరపాటు నేనూ చేయబోయాను. మూడు రోజుల బాబు. ఎక్స్‌రే చూశాను, కీలు జారిందని తల్లిదండ్రులకి చెప్పేశాను, సరిచేయడానికి సిద్ధమయ్యాను. మా సీనియర్ మేడమ్ వచ్చి, ఎక్స్‌రే పక్కన పెట్టి, ముందు బాబు దగ్గర కూర్చున్నారు. బొటనవేలు భుజం ముందువైపు ఆనించి, రెండో చేత్తో మోచేతిని పట్టుకుని వెంట్రుకవాసి తిప్పారు. తర్వాత తన వేలు తీసి అక్కడ నా వేలు పెట్టించారు. తడి ఇసుకని వేళ్ల మధ్య నలిపితే ఎలా ఉంటుందో అలాంటి మెత్తటి గరగర తగిలింది. విరిగిన గట్టి ఎముకలో వచ్చే కరకర కాదది. "తల గూట్లోనే ఉంది. నువ్వు లాగబోయేది విరిగిన చేతిని" అన్నారు. నాకు ఒళ్లు చల్లబడింది. ఆ రోజు మేము చేసిందల్లా ఆ చేతిని ఛాతీకి ఆనించి మెత్తగా కట్టడమే. మూడు వారాలకి బాబు రెండు చేతులూ ఒకేలా ఆడించాడు. ఇది చదివి మీరు పాప చెయ్యి తిప్పి చూడకండి. అది డాక్టరు కూడా ఒక్కసారే, నెమ్మదిగా చేయాల్సిన పరీక్ష.

ఇప్పుడు స్కాన్ సంగతి. అల్ట్రాసౌండ్‌కి మృదులాస్థి బాగా కనిపిస్తుంది. నల్లగా, లోపల సన్నని చుక్కలతో గుండ్రటి ముద్దలా పడుతుంది. భుజం వెనకవైపు నుంచి ప్రోబ్ పెడితే ఒకే చిత్రంలో గూడు, తల, కాడ మూడూ వస్తాయి. తల గూట్లో ఉందా, కాడ తలతో వరుసగా ఉందా లేక మెట్టులా జరిగిందా అన్నది తెలిసిపోతుంది. చెయ్యిని కొద్దిగా తిప్పుతూ చూస్తే తలా కాడా కలిసి కదులుతున్నాయా, విడివిడిగానా అన్నది కూడా కనిపిస్తుంది. రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు. పాప పాలు తాగుతూ తల్లి ఒడిలో ఉండగానే అయిపోతుంది. ఒకే షరతు: పసిపిల్లల కీళ్లు చూసే అలవాటున్న రేడియాలజిస్ట్ చేయాలి. బాగున్న భుజాన్ని కూడా చూడమని మీరే అడగండి, ఆ పోలిక లేకపోతే తేడా పట్టుకోవడం కష్టం. అదే పూటలో కాలర్ బోన్ కూడా చూడమనండి. కాన్పులో ఎక్కువగా విరిగేది అదే, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. ఎంఆర్ఐ అవసరం అరుదుగా వస్తుంది. స్కాన్‌లో స్పష్టత రాకపోతేనో, ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటేనో చేస్తాం. కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో చుట్టి, నిద్రలో ఉండగా మత్తు లేకుండా చాలాసార్లు కుదురుతుంది. కీలులోకి రంగు ఎక్కించి తీసే ఎక్స్‌రే వెనకటి పద్ధతి, నేనైతే ఇప్పుడు దాని జోలికి వెళ్లను.

నరం దెబ్బ అన్న డాక్టరు మాట కూడా కొట్టిపారేయకండి. భుజం ఇరుక్కున్న కాన్పులో మెడ నుంచి చేతికి వచ్చే నరాల గుత్తి సాగే ప్రమాదం నిజంగానే ఉంది. పై నరాలు దెబ్బతింటే చెయ్యి ఒంటికి అతుక్కుని, లోపలికి తిరిగి, మోచెయ్యి చాపుకుని, మణికట్టు అరచేతి వైపు మడిచినట్టు పడి ఉంటుంది. దాన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు. గ్రోత్ ప్లేట్ విడిపోయిన బిడ్డ చెయ్యి కూడా ఒంటికి అతుక్కుని లోపలికే తిరిగి ఉంటుంది, అందుకే రెండూ ఒకలా కనిపిస్తాయి. ఉలికిపడినప్పుడు రెండింట్లోనూ ఆ చెయ్యి లేవదు. తేడా నొప్పిలో ఉంటుంది. నరం ఒక్కటే దెబ్బతింటే చెయ్యి సోలినట్టు ఉంటుంది, నెమ్మదిగా కదిపినా బిడ్డ పెద్దగా ఏడవదు. ఎముక విడిపోతే కదపలేక కాదు, నొప్పికి భయపడి కదపదు. భుజం పైన వాపు, కమిలిన మచ్చ కూడా కనిపించవచ్చు.

మీరు చూడగలిగింది ఒకటుంది. పాప నిద్రలేచి హాయిగా ఉన్నప్పుడు మీ వేలు ఆ చేతి అరచేతిలో పెట్టండి. గట్టిగా పట్టుకుంటే, మణికట్టు, వేళ్లు ఆడిస్తుంటే మంచిదే. ఎముక విడిపోయినా, పై నరాలు మాత్రమే దెబ్బతిన్నా ఆ పట్టు ఉంటుంది. వేళ్లు కూడా వడలినట్టు ఉంటే, ఆ వైపు కనురెప్ప కిందికి వాలినట్టు ఉంటే నరాల గుత్తి మొత్తం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఆ మాట డాక్టర్‌కి అదే రోజు చెప్పండి. ఇంకో సంగతి, నరం, ఎముక రెండూ ఒకే కాన్పులో దెబ్బతినవచ్చు. అలాంటప్పుడు మొదటి వారంలో ఎంత అనుభవం ఉన్నా నరం సంగతి తేల్చడం కష్టం. ఎముక అతుక్కున్నాకే అసలు లెక్క తెలుస్తుంది.

ఇక నేను గట్టిగా చెప్పాల్సింది ఇన్ఫెక్షన్ గురించి. మీ పాపకి మొదటి రోజు నుంచే కదలడం లేదన్నారు కాబట్టి అది కాన్పు దెబ్బ అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ ఇది చదివే ఇంకెవరి బిడ్డయినా పుట్టాక కొన్ని రోజులు చెయ్యి బాగా ఆడించి, తర్వాత ఉన్నట్టుండి ఆపేస్తే, కాదని తేలేదాకా దాన్ని కీలులోనో ఎముకలోనో చీముగానే అనుకోవాలి. పసికందుల్లో జ్వరం లేకుండానే ఇది వస్తుంది. పాలు సరిగ్గా తాగకపోవడం, మగతగా ఉండటం, భుజం వాచి వెచ్చగా ఉండటం, ఇవే గుర్తులు. ఒక్కోసారి చెయ్యి కదపకపోవడం తప్ప ఏ గుర్తూ ఉండదు. ఆ వయసులో రక్తనాళాలు గ్రోత్ ప్లేట్‌ని దాటుకుని తలలోకి వెళ్తాయి. అందుకే ఎముకలో మొదలైన చీము కీలులోకి తేలిగ్గా పాకి మృదులాస్థిని తినేస్తుంది. ఆ నష్టం తిరిగి రాదు. రక్త పరీక్షలు, ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ, రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ అదే రోజు పంపాలి. స్కాన్‌లో కీలులో నీరు కనిపిస్తే సూదితో తీసి చూడాలి. ఇందులో రేపు చూద్దాం అన్న మాటే లేదు. మీ పాపలో కూడా ఇలాంటి గుర్తు ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే తీసుకెళ్లండి.

ఇంటికి వెళ్లాక కొత్తగా ఇలాంటి దెబ్బ కనిపిస్తే బిడ్డని ఎవరు ఎలా ఎత్తుకున్నారు, ఏం జరిగింది అని డాక్టర్లు వివరంగా అడుగుతారు. అది మిమ్మల్ని అనుమానించడానికి కాదు, మాట చెప్పలేని బిడ్డ తరఫున అడగాల్సిన ప్రశ్నలు అవి.

స్కాన్‌లో గ్రోత్ ప్లేట్ విడిపోయిందని తేలితే, వైద్యం మీరు భయపడినంత ఉండదు. 1963లో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు కెనడా సర్జన్లు గ్రోత్ ప్లేట్ దెబ్బల్ని ఐదు రకాలుగా విడదీశారు. ఈనాటికీ అందరం వాడేది ఆ వర్గీకరణే. పసికందు భుజంలో జరిగేది దాదాపు ఎప్పుడూ మొదటి రకం, అంటే తల మొత్తం ఒక ముక్కగా కాడ నుంచి విడిపోవడం. పెరుగుదలకి మూలమైన కణాలు తలతోనే ఉండిపోతాయి, వాటికి రక్తం అందుతూనే ఉంటుంది. అందుకే చెయ్యి పొట్టిగా ఉండిపోవడం అరుదు. పైగా దండచేతి ఎముక పొడవులో సుమారు 80 శాతం ఈ పైకొస నుంచే పెరుగుతుంది. ఇంత వేగంగా పెరిగే చోట కొద్దిగా వంకరగా అతికినా, పక్కకి జరిగి అతికినా నెలలు గడిచేకొద్దీ దానంతట అదే సర్దుకుంటుంది. చుట్టూ ఉండే మందపాటి పొర ఒకవైపు చెక్కుచెదరకుండా ఉండి కొత్త ఎముకకి దారి చూపిస్తుంది.

కాబట్టి చాలామంది బిడ్డలకి చేసేది కట్టు కట్టి, రెండు మూడు వారాలు ఆగడం. మోచెయ్యి మడిచి, చెయ్యి ఛాతీకి ఆనించి, మెత్తటి వెడల్పాటి గుడ్డతో ఒంటికి చుడతాం. పిండికట్టు అక్కర్లేదు. చంకలోనూ, మోచేతి మడతలోనూ పొడి గుడ్డ మడిచి పెట్టాలి, లేకపోతే చెమటకి అక్కడ ఒరుసుకుపోతుంది. కట్టు కింద మీ రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. పసిపిల్లలు ఊపిరి పీల్చేటప్పుడు పొట్టా ఛాతీ పైకి లేస్తాయి, కట్టు దానికి అడ్డు రాకూడదు. కొందరు డాక్టర్లు కట్టు బదులు పొడుగు చేతుల చొక్కా వేసి, ఆ చేతిని చొక్కా ముందుభాగానికి బిగిస్తారు. అదీ మంచి పద్ధతే. నేను మాత్రం పిన్ను వాడను, నాలుగు కుట్లు వేయిస్తాను. రాత్రిపూట పిన్ను ఊడితే ఎవరూ చూడరు.

ఎక్కువ జరిగి ఉంటే లాగి సరిచేయాలా అని అడుగుతారు. మొదటి రెండు మూడు రోజుల్లో బాగా తిరిగిపోయి ఉంటే కొందరు సర్జన్లు నెమ్మదిగా వరుసలోకి తెస్తారు. కాదనను, కానీ నా చేతుల్లో ఆ అవసరం చాలా తక్కువసార్లు వచ్చింది. వైర్లు వేసే ఆపరేషన్ ఇంకా అరుదు. వారం దాటాక అయితే లాగే ప్రసక్తే వద్దు. అప్పటికే కొత్త ఎముక పోస్తూ ఉంటుంది, లాగితే గ్రోత్ ప్లేట్‌కి కొత్త దెబ్బ తగులుతుంది. మీ పాపకి ఇప్పటికే ఐదు రోజులు. మత్తు ఇచ్చి లాగుదామన్న సలహా ముందు ఆగమనడానికి ఇదే నా ముఖ్య కారణం. ఇదే గొడవ మోచేతి దగ్గర జరిగితే నేను ఇంత తీరిగ్గా మాట్లాడను. అక్కడ నుంచి వచ్చే పెరుగుదల 20 శాతమే కాబట్టి వంకర సర్దుకోదు, తొందరగా వరుసలో పెట్టాలి. భుజం అలా కాదు.

ఇంట్లో జాగ్రత్తలు కాస్త వివరంగా చెబుతాను. ఈ మూడు వారాలు పాప నొప్పి మీ చేతుల మీదే ఆధారపడి ఉంటుంది. బట్టలు తొడిగేటప్పుడు ముందు దెబ్బ తగిలిన చేతికి తొడగండి, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయండి. ముందువైపు తెరుచుకునే వదులు చొక్కాలు కొనండి, తల మీంచి వేసేవి వద్దు. చంకల కింద చేతులు పెట్టి ఎప్పుడూ ఎత్తకండి. ఒక అరచెయ్యి మెడ, తల కింద, ఇంకో అరచెయ్యి పిరుదుల కింద పెట్టి, పాపని మొత్తంగా ఒక్కసారి లేపండి. పాలిచ్చేటప్పుడు కుడి భుజం మీ ఒంటికి నొక్కుకోకుండా ఉండే వైపు పడుకోబెట్టుకోండి. రెండో వైపు ఇవ్వాల్సి వచ్చినప్పుడు పాప కాళ్లు మీ వీపు వైపు వచ్చేలా మీ పక్కన, చంక కింద పట్టుకుంటే భుజం మీద బరువు పడదు. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. కట్టు విప్పేదాకా నీళ్లు పోయొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ చెయ్యి రుద్దడం, మర్దన చేయడం, సాగదీయడం ఎవరు చెప్పినా చేయకండి. వేళ్లు గులాబీ రంగులో, వెచ్చగా ఉన్నాయో లేదో ప్రతిసారీ ఒకసారి చూడండి. నీలంగా, చల్లగా ఉన్నా, ఉబ్బినా కట్టు వదులు చేసి వెంటనే డాక్టర్‌కి చూపించండి.

నొప్పికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు. కానీ ఐదు రోజుల బిడ్డకి చుక్కల లెక్క పాప బరువు చూసి పిల్లల డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఇవ్వకండి. చెయ్యి కదలకుండా ఉంటే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఏడుపు చాలా తగ్గుతుంది. పది రోజులు దాటేసరికి చాలామంది ఆ చేతిని వాళ్లంతట వాళ్లే ఆడించడం మొదలుపెడతారు. అదే సమయానికి ఎక్స్‌రే తీస్తే ఎముక చుట్టూ తెల్లటి మబ్బులా కొత్త ఎముక కనిపిస్తుంది. భుజం దగ్గర గోళీకాయంత గట్టి బొడిపె తగిలి చాలామంది తల్లులు హడలిపోయి ఫోన్ చేస్తారు. అది అతుకు. నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది.

కట్టు విప్పిన తర్వాత చూపించుకోవడం మానకండి, నరం లెక్క మొదలయ్యేది అక్కడే. ఎముక అతికాక, నొప్పి పోయాక కూడా భుజం లేవకపోయినా, మోచెయ్యి మడవకపోయినా నరం దెబ్బ ఉన్నట్టే. నెల రోజులకి అలా ఉంటే నరాల దెబ్బలు చూసే సర్జన్ దగ్గరికి పంపాలి. మూడో నెలకి మోచెయ్యి మడిచే కండ పని మొదలుపెట్టిందా లేదా అన్నది పెద్ద గుర్తు. మొదలుకాకపోతే నరానికి ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నరం దెబ్బ ఉన్న బిడ్డల్లో మొదటి నెలల్లోనే తల నెమ్మదిగా గూటి వెనక్కి జారుతూ పోవచ్చు. కాన్పు రోజున జారింది కాదది, కండల బలం సమంగా లేక తర్వాత జారేది. మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచి ముంజేతిని బయటికి తిప్పితే రోజురోజుకీ తక్కువ తిరుగుతుంటే అదే మొదటి గుర్తు. అలా అనిపిస్తే మళ్లీ అల్ట్రాసౌండ్ చేయాలి. నరం బాగుంటే నేను మూడో నెలలో ఒకసారి, తర్వాత ఏడాది నిండాక ఒకసారి చూస్తాను. రెండు చేతుల పొడవు, కదలిక ఒకేలా ఉంటే అక్కడితో వదిలేస్తాను.

ఎవరి తప్పు అన్నారు. తల బయటికి వచ్చి భుజం ఇరుక్కున్నప్పుడు కాన్పు చేసేవాళ్ల చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో బిడ్డని బయటికి తేకపోతే మెదడుకి ఆక్సిజన్ అందదు. లోపలికి చెయ్యి పోనిచ్చి బిడ్డ చేతిని ముందుగా బయటికి తీయాల్సి రావచ్చు. అన్నీ సరిగ్గా చేసినా ఎముక విడిపోవచ్చు, సిజేరియన్‌లో కూడా జరగవచ్చు. అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు కాబట్టి తీర్పు చెప్పను. కానీ తల్లి తప్పు మాత్రం ఇందులో ఏమీ లేదు, ఆ మాట ఆమెకి మీరే చెప్పండి. కాన్పు కాగితాలన్నీ అడిగి తీసుకోండి. భుజం ఇరుక్కోవడం తర్వాతి కాన్పులో మళ్లీ జరిగే అవకాశం మామూలు కంటే ఎక్కువ, అప్పుడు చూసే డాక్టర్‌కి ఆ వివరాలు కావాలి.

రేపు ఆస్పత్రిలో అడగాల్సింది ఇంతే: భుజం తల గూట్లో ఉందా, కాడ ఎంత జరిగింది, కీలులో నీరు ఉందా, కాలర్ బోన్ బాగుందా. అప్పటిదాకా ఆ చేతిని ఛాతీకి ఆనించి మెత్తటి గుడ్డతో వదులుగా చుట్టి ఉంచండి. స్కాన్ రిపోర్టు వచ్చాక అందులో ఉన్న మాటల్ని ఉన్నట్టుగా ఇక్కడే రాయండి, చదివి నాకు తోచింది చెబుతాను.